మెట్లు మార్చిందెవరు?

"మెట్లు మళ్ల పెరిగినయి!"

ప్రేమజ్యోతి అరుపు పక్క గదిలో ఉన్న అరుణమ్మ దాకా వెళ్లింది. ఆమె చాయ్ గ్లాసుతోనే వచ్చి తెర వంక చూసింది. మొయినాబాద్ మెయిన్ రోడ్డు మీద, సిమెంటు దుకాణం పైన ఉన్న ఆ చిన్న డిజైన్ ఆఫీసుకు అరుణమ్మే యజమాని.

"నిన్న ఎన్ని?"

"పదహారు మేడం. ఇయ్యాల పద్దెనిమిది."

వరసగా నాలుగో రోజు ఇది. సాయంత్రం ప్రేమజ్యోతి ఇంటి నక్షను సేవ్ చేసి కంప్యూటర్ ఆపుతుంది. పొద్దున తెరిచేసరికి మూడు మార్పులు. మెట్లు రెండు పెరుగుతాయి. బాత్రూమ్ నేల కిందికి దిగుతుంది. వంటింటి పడమటి కిటికీ మీద వానకు అడ్డంగా ఒక సజ్జ మొలుస్తుంది. ఆమె పాతవి పెడుతుంది, తెల్లారేసరికి కొత్తవి తిరిగొస్తాయి.

"ఇల్లు కట్టించుకునే జగదీశ్ పదకొండుకు వస్తడు," అంది అరుణమ్మ. "రోజుకో తీరు మారే నక్ష మీద నేను సంతకం పెట్ట. ఆలోపు ఎవరు చేస్తున్నరో చెప్పు. లేకుంటే ఈ ఇల్లు గండిపేటల వేరే ఆఫీసుకు పంపిస్త."

ప్రేమజ్యోతి రెండేళ్లుగా గీసిన నక్షలన్నీ వేరేవాళ్ల పేర్ల మీద పోయాయి. తన పేరుతో గీస్తున్న మొదటి ఇల్లు ఇదొక్కటే. గోడ మీద గడియారం పది చూపిస్తోంది.

అప్పుడే తలుపు తోసుకుని శాంసన్ వచ్చాడు. హెల్మెట్ నుంచి నీళ్లు కారుతున్నాయి. నక్షలు గీసే సాఫ్ట్‌వేర్ అమ్మిన చేవెళ్ల కంపెనీలో పని అతనిది. ఎవరి కంప్యూటర్ మొరాయించినా బండి వేసుకుని వాలిపోతాడు. రెండు నెలలుగా ఈ ఆఫీసుకు అవసరం కన్నా కాస్త ఎక్కువే వాలుతున్నాడని ప్రేమజ్యోతి గమనించకపోలేదు.

"ఆపి మళ్ల ఆన్ చేసిన్రా మేడం?"

"మూడుసార్లు. పాస్టరుగారికి ఆమెన్ లెక్క మీకు అదొక్కటే వస్తదా?"

"ఆమెన్ ఆఖరుకు అంటరు. నేను ముందే అంటున్న. జర జరుగున్రి."

అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. అరుణమ్మ తన గదిలోకి వెళ్లిపోయింది.

ముందు కొలతలు చూశాడు. అడుగులకు బదులు మిల్లీమీటర్లు పడితే ఇల్లంతా తారుమారవుతుంది. అవి సరిగ్గానే ఉన్నాయి. నక్షలో కనబడకుండా దాచిన పొరలన్నీ తెరిచాడు. ఏమీ లేవు.

"అంతస్తు ఎత్తుకు మెట్లకు లింకు ఉంటది," అన్నాడు. "ఎత్తు మారితే మెట్లు వాటంతటవే మారుతయి."

"ఎత్తు పదిన్నర అడుగులే. మారలె."

"అయితే ఫైలు చెడిపోయిందేమో." నక్షంతా కాపీ చేసి కొత్త ఫైల్లో పెట్టాడు. అక్కడా పద్దెనిమిదే. కంప్యూటర్ తనంతట తాను దాచుకునే పాత కాపీల ఫోల్డర్ తెరిచాడు. నిన్నటి కాపీలో పదహారు, పొద్దుటి కాపీలో పద్దెనిమిది.

ప్రేమజ్యోతి తెర చూడటం మానేసి అతన్ని చూడసాగింది. ఎప్పుడూ పది నిమిషాల్లో పని తేల్చే మనిషి ఇవాళ చుట్టూ తిరుగుతున్నాడు. ఇల్లంతా సోదా చేసి ఒక్క బీరువా మాత్రం ముట్టని పోలీసులా ఉన్నాడు.

"పైన మూలకు హిస్టరీ అని ఉన్నది. అది చూడరేంది?"

శాంసన్ చెయ్యి మౌస్ మీద ఆగింది. "అది... ఆఫ్ ఉన్నట్టున్నది."

ఆమె మౌస్ లాక్కుని నొక్కింది. జాబితా జరజరా తెరుచుకుంది. నాలుగు రోజులూ పొద్దున ఆరుకు అటూ ఇటూగా ఎవరో ఆన్‌లైన్‌లో నక్ష తెరిచి మార్చారు. నాలుగు సార్లూ ఒకటే పేరు. శాంసన్ డెమో.

బయట వాన ఒక్కసారిగా పెద్దదైంది.

"నువ్వా?"

'మీరు' ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. అతను కిటికీ వైపు చూశాడు.

"నేనే."

రెండు నెలల నవ్వులన్నీ ఆమె గుండెలో ముళ్లలా గుచ్చుకున్నాయి. లేచి అరుణమ్మ గదివైపు రెండడుగులు వేసి ఆగింది. దొరికిన జవాబు ఆమెకు ఎక్కడో పొసగలేదు. వెనక్కి వచ్చింది.

"మెట్లు పద్దెనిమిదే ఎందుకు పెట్టినవ్?"

"పదహారు కలిసిరాదంట."

"నీకెప్పటి నుంచి పట్టింపులు? ఆదివారం చర్చిల డ్రమ్స్ కొడ్తవ్ కద?"

"ఊకె అన్న."

"బాత్రూమ్ నేల ఎందుకు దించినవ్?"

"అందంగ ఉంటదని."

"బాత్రూమ్‌ల అందం ఎవలు చూడాలె? సరే, సజ్జ ఎందుకు?"

"పావురాలు కూసుంటయని."

కోపంలోనూ ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. ఈ మనిషికి ఇల్లు కట్టడం గురించి ఓనమాలు రావు. మరి ఈ మార్పుల వెనక వేలు ఎవరిది?

కాగితం తీసుకుని లెక్క వేసింది. పదిన్నర అడుగులంటే నూట ఇరవయ్యారు అంగుళాలు. పదహారు మెట్లయితే ఒక్కోటి ఇంచుమించు ఎనిమిది. పద్దెనిమిదైతే సరిగ్గా ఏడు. జగదీశ్ తల్లి వసంతమ్మ మోకాళ్లకు పట్టీలు వేసుకుని ఈ ఆఫీసు మెట్లే ఆగి ఆగి ఎక్కింది. బాత్రూమ్ నేల దించకపోతే నీళ్లు పడకగదిలోకి వస్తాయి. సజ్జ లేకపోతే పడమటి జల్లు పొయ్యి మీదే పడుతుంది.

ఎవరో నక్షను చెడగొట్టడం లేదు. తన తప్పులు దిద్దుతున్నారు. పొద్దున ఆరింటికి, పనికి పోకముందు, ఇటుకల్లో బతికిన మనిషి. చిన్నప్పుడు తనను కొత్త మెట్ల మీద ఎక్కించి దింపి, ఎత్తు సరిపోయిందా లేదా అని చూసిన మనిషి. రెండు నెలలుగా ఆదివారం కూడా ఎంకపల్లి పనికి పోతున్న మనిషి.

"శాంసన్, ఆదివారం ప్రార్థన అయినంక నువ్వు ఎటు పోతవ్?"

అతను హెల్మెట్ అందుకున్నాడు.

"ఎంకపల్లిల మా బాపు పని దగ్గరికే కద?"

"మాట ఇచ్చిన జ్యోతి."

ఆమె కూర్చుండిపోయింది. నిరుడు ఒక పని దగ్గర మేస్త్రి అయిన తండ్రి ఆమె నక్ష చూసి కూలీలందరి ముందు అరిచాడు. గోడ కట్టనోళ్లు గీస్తే గిట్లనే ఉంటదన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నక్షల ఊసే లేదు. ఆమె చూపించదు, ఆయన అడగడు. జగదీశ్ ఇల్లు కట్టే పని బాపుకే వచ్చినా ఇద్దరూ నోరు విప్పలేదు.

"నాకు చెప్తే ఏమైతుండె?"

"నీ మనసు మళ్ల విరుగుతదని భయం ఆయనకు. జగదీశన్నకు చెప్తే నీ మొదటి ఇల్లు పోతది. గందుకే నా లాగిన్‌తోని ఫోన్‌ల దిద్దుడు నేర్పమన్నడు. ఏడు ఆదివారాలు పట్టింది. వేలు లావు కద, గోడ పట్టుకుంటే తలుపు జరుగుతుండె."

ఆమె కళ్లల్లో నీళ్లు, పెదవి మీద నవ్వు ఒకేసారి వచ్చాయి. "ఫీజేం తీస్కున్నవ్?"

శాంసన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆదివారానికి ఒక ముచ్చట."

"ఏం ముచ్చట?"

"నీది. నీకు జామకాయ పచ్చిదే ఇష్టమని, ఉరుమంటే భయపడవు గని బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతవని..."

"ఎందుకు అడుగుతున్నవో మా బాపుకు తెల్వదా?"

"తెల్సు. నాలుగో వారం నేను అడగకముందే రెండు చెప్పిండు. ఐదో వారం మా అమ్మ పేరు అడిగిండు."

ఆమె తల వంచుకుని పెన్ను మూత పెట్టింది, తీసింది, పెట్టింది. "వచ్చే ఆదివారం క్లాసుకు నేను గూడ ఉంట. ఏమన్న మిగిలినయా, అన్ని చెప్పిండా?"

"అసలుది మిగిలింది. అది బాపును అడిగేది కాదు. నిన్ను అడగాలె."

అడిగేలోపే మెట్ల మీద చప్పుడైంది. జగదీశ్ గొడుగు దులుపుతూ లోపలికి వచ్చాడు. అరుణమ్మ తన గదిలోంచి బయటికి వచ్చింది.

"తేలిందా? ఎవరు?"

ప్రేమజ్యోతి నోరు తెరిచేలోపు శాంసన్ లేచి నిలబడ్డాడు. "నేనే మేడం. నా డెమో లాగిన్‌తోనే మారింది. ఆమె తప్పు ఏం లేదు."

అరుణమ్మ ముఖం గట్టిపడింది. "కస్టమర్ ఫైల్ల చెయ్యి పెడ్తవా? మీ సారుకు ఇప్పుడే ఫోన్ చేస్త. రేపటి నుంచి నీకు ఉద్యోగం ఎట్లుంటదో చూస్త." ఫోన్ చెవికి పెట్టుకుంది.

ఊరుకుంటే ఇల్లు తనకు దక్కుతుంది, అతని ఉద్యోగం పోతుంది. చెబితే జగదీశ్ ముందే తన మూడు తప్పులూ బయటపడతాయి. నెంబర్ కలుస్తున్న చప్పుడు వినిపించింది.

ప్రేమజ్యోతి శాంసన్ చొక్కా చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగింది. "కూసో." తర్వాత అరుణమ్మ వైపు తిరిగింది.

"ఫోన్ పెట్టేయున్రి మేడం. అన్నా, మీరు గూడ వినున్రి. నేను గీసిన మెట్లు మీ అమ్మ ఎక్కలేకపోతుండె. బాత్రూమ్ నీళ్లు గదిలకు వస్తుండె, వంటింట్ల వాన పడుతుండె. మూడు తప్పులు నావే. మూడింటిని సరిచేసింది ఈయన కాదు."

"మరి ఎవరమ్మా?" అన్నాడు జగదీశ్.

"మీ ఇల్లు కట్టబోయే బాలప్ప మేస్త్రి," అంది ప్రేమజ్యోతి. ఏడాదిగా ఆఫీసులో పలకని మాట గొంతు నిండుగా వచ్చింది. "మా బాపు."