ఒకే పేరుతో ఇద్దరు

వీడియోలు మాయమైపోతున్నాయి!

శిరీన్ కళ్లెదుటే... ఒక్కొక్కటిగా!

ఓర్వకల్లు రాళ్లగుట్టల మధ్య పోలీసు జీపు ఎగిరెగిరి పడుతోంది. పొద్దు అప్పుడే గుంకింది. వెనక సీట్లో టోల్‌గేటు మేనేజర్ బొజ్జన్న, పక్కన శిరీన్. ఒళ్లో ల్యాప్‌టాప్. నల్లటి టెర్మినల్ స్క్రీన్ మీద ఫైళ్ల పేర్లు చూపించమని మళ్లీ ls కొడుతుంది.

ఇందాక నిండుగా ఉన్న ఫైళ్ల లిస్టు... సగమైంది!

"సార్! ఎవరో సర్వర్లోకి దూరినారు. గేటు కెమెరాల వీడియోలు తుడిచేస్తాండారు!"

ముందు సీట్లోంచి ఎస్సై పరమేష్ గిరుక్కున వెనక్కి తిరుగుతాడు.

"ఎవురమ్మా? యాడ్నుంచి?"

"తెలీదు సార్!"

"ఏందో ఒకటి చెయ్యి! ఈరప్పా, తొక్కప్పా బండిని!"

డ్రైవర్ ఈరప్ప గేరు మారుస్తాడు. జీపు మూలుగుతూ దూకుతుంది.

టోల్‌గేటు సర్వర్లు చూసుకునేది శిరీనే. నిన్న డ్యూటీ దిగిన బూత్ క్లర్క్ నాగలత ఇల్లు చేరలేదు. ఏ కారు ఎక్కిందో, ఎవరు ఎక్కించారో ఆ వీడియోల్లోనే ఉండాలి. ఆమె ఫోన్ ఆఖరుసారి పలికింది ఈ గుట్టల్లోనే అంటే వెతకడానికి వచ్చారు.

దొరికింది ఒక్క చెప్పు.

యా అల్లా... బతికే ఉండాలి!

ps. ఇప్పుడు సర్వర్లో ఏ పనులు నడుస్తున్నాయో చూపిస్తుంది.

అదిగో... rm! తుడిచేసే కమాండ్. పక్కనే దాని నంబరు.

kill -9. నంబరు. ఎంటర్!

ఆగింది.

ఒక్క క్షణం... మళ్లీ rm! కొత్త నంబరుతో!

అంటే వాడు స్క్రీన్ ముందే ఉన్నాడు. ఆమె చేసేది చూస్తున్నాడు!

mv కొడుతుంది. మిగిలిన వీడియోలన్నింటినీ వేరే పేరుతో వేరే చోటికి మార్చేస్తుంది.

వెతుక్కో ఇప్పుడు!

వాణ్ని బయటికి నెట్టేయాలి. కానీ ముందు వాడెవడో తెలియాలి. who అని కొడుతుంది. లోపల ఎవరెవరు ఉన్నారో ఆ ఒక్క మాట చెప్పేస్తుంది.

గేటు బూతులు. ఆఫీసు. చివర్లో shirin.

దాని కింద... మళ్లీ shirin!

తన పాస్‌వర్డ్ ఎవడి చేతిలో పడింది?

రెండు పేర్ల పక్కనా ఇంటర్నెట్ అడ్రస్. చూస్తుంది. కళ్లు నులుముకుని మళ్లీ చూస్తుంది.

రెండూ ఒకటే!

ఈ గుట్టల్లో తన ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఎస్సై ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేస్తోంది. వాడూ అదే హాట్‌స్పాట్ మీద ఉన్నాడు.

అంటే...

ఈ జీపులోనే!

ఈరప్ప రెండు చేతులూ స్టీరింగ్ మీదే. ఎస్సై తల వంచుకుని ఫోన్‌లో టకటకా ఏదో కొడుతున్నాడు...

శిరీన్ మెల్లగా స్క్రీన్‌ని పక్కకు తిప్పుతుంది. పక్కన బొజ్జన్న. తనకు ఉద్యోగం ఇచ్చిన మనిషి. కడప వైపు నుంచి ఎర్రచందనం లారీలు ఆగకుండా పోతున్నాయని నాగలత మొదట చెప్పుకుంది ఆయనకే. రెండు పేర్లనూ వేలితో చూపిస్తుంది. గడ్డంతో ముందు సీటు వైపు సైగ చేస్తుంది.

బొజ్జన్న ముఖంలో రంగు మారుతుంది. చెవి దగ్గరికి వంగుతాడు.

"నాకు ముందునుంచే అనుమానముండాది పాపా. లారీలకు ఆయప్పే అండ. ఈడ నోరు తెరవద్దు. గేటు కాడ మనోళ్లకు చెప్పు!"

చెప్పడానికి దారి ఉంది. wall. లాగిన్ అయి ఉన్న ప్రతి స్క్రీన్ మీదా ఒకేసారి మెసేజ్ పడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతుంది. నాగలతను ఎత్తుకుపోయింది ఎస్సై. జీపు వస్తోంది. గేటు ఎత్తద్దు. ఆయన చేతిలో తుపాకి ఉంది, జాగ్రత్త!

ఎంటర్!

మలుపు తిరగ్గానే టోల్‌గేటు లైట్లు.

అన్ని గేట్లూ కిందికే ఉన్నాయి. దారికి అడ్డంగా ఒక లారీ. దాని ముందు బూతుల వాళ్లందరూ. మధ్యలో గేటు గన్‌మ్యాన్ హనుమన్న... భుజానికి ఆనించిన తుపాకితో!

కీచుమంటూ జీపు ఆగుతుంది.

"ఏమప్పా ఇది?" ఎస్సై విసురుగా దిగుతాడు. "పోలీసు బండికి గేటు ఎత్తరా?"

"నాగలత యాడ?" బూతులో పనిచేసే గుల్షన్ బీ గొంతు చించుకుంటుంది. "మా పిల్ల యాడుందో చెప్పు!"

"నన్నడుగుతావేందమ్మా? నేను ఆ పిల్లను వెతుకుతాండా!"

జనం ముందుకు తోసుకొస్తారు. ఎవడో ఇనుప రాడ్డు ఎత్తుతాడు. ఎస్సై చెయ్యి నడుము మీదికి పోతుంది.

జీపు లోపల చీకట్లో ఏదో వెలుగుతోంది. శిరీన్ తల తిప్పుతుంది.

బొజ్జన్న ఒళ్లో ఫోన్. నల్లటి స్క్రీన్.

దాని మీద తన వాక్యాలే! అక్షరం పొల్లుపోకుండా!

ప్రతి స్క్రీన్ మీదా అంటే... దొంగ స్క్రీన్ మీద కూడా!

"నువ్వా...?"

బొజ్జన్న చిన్నగా నవ్వుతాడు.

శిరీన్ తలుపు మీదికి దూకుతుంది. "ఆయన కాదు! హనుమన్నా, కాల్చద్దు! ఆయన కా..."

వెనక నుంచి అరచెయ్యి నోరు మూసేస్తుంది.

ధాం!

ఎస్సై పరమేష్ మోకాళ్ల మీద కూలతాడు. ఖాకీ చొక్కా మీద ఎరుపు పాకుతోంది. జీపు వైపే చూస్తున్నాడు... ఏం జరిగిందో అర్థం కాక.

ఈరప్ప అరుస్తూ అటు పరిగెడతాడు. జనమంతా అటే. జీపులో ఇద్దరే మిగిలారు.

చెవి దగ్గర బొజ్జన్న గొంతు. అంతే నెమ్మదిగా... అంతే ఆప్యాయంగా...

"ఆ మెసేజ్ పోయినాది నీ పేరుతోనే పాపా. ఇప్పుడు చెప్పు... వీడియోలు యాడ దాచినావు?"