అత్త గ్లాసులో ముంచిన కుంచె

బొమ్మలేసేటప్పుడు పక్కన ఏముందో నాకు కనపడదు. టీ గ్లాసులో కుంచె ముంచేసి, కుంచె కడిగిన నీళ్లు తాగేసిన మనిషిని. "నీ కడుపులో హోలీ ఆడతన్నారేటే?" అని మా ఆయన త్రినాథ్ ఏడిపించేవాడు. ఇప్పుడు ఆ వేళాకోళం నాకు నచ్చదు.

మాది భోగాపురం. పిల్లల కోసం బొమ్మల కథల పుస్తకం వేస్తున్నాను. కంప్యూటరు లేదు, ప్రతి గడీ నీటిరంగులతో చేత్తోనే. అందులో పిల్ల మా అమ్మాయి సుహాసినే. ఏడేళ్లు. అదే ఎర్ర గౌను, అదే పన్ను ఊడిన నవ్వు. సోమవారానికి పేజీలు పంపాలి. ఇంతలో అత్త పోయింది.

అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. రోజుకి రెండు గ్లాసులకి మించి నీళ్లివ్వొద్దన్నాడు డాక్టరు. కొలిచి పోసేదాన్ని నేనే. సుహాసిని బడికి వెళ్లేదాకా ఆగి, "ఒసే ఝాన్సీ, ఒక్క గుక్కే... డాక్టరుకి సెప్పకే," అని గుసగుసగా బతిమాలేది. మనవరాలి ముందు అడుక్కోవడం ఆవిడకి నామోషీ. నేను ఇవ్వలేదు. నాలుక పిడచకట్టుకునే పోయింది. తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయాక ఆవిణ్ణి పడుకోబెట్టిన చోట, హాలు మూల, దీపమూ స్టీలు గ్లాసుతో నీళ్లూ పెట్టాం. "పెద్దకార్యం అయ్యేదాకా ఆ నీల్లు ఎవులూ ముట్టుకోకూడదు. పోయినోల్లకి దాహం ఉంటాది," అని పక్కింటి దేవి పిన్ని మరీ మరీ చెప్పింది.

ఆరో రోజు మధ్యాహ్నం. చుట్టాలకి పెద్దకార్యం కబురు చెప్పడానికి త్రినాథ్ కొత్తవలస వెళ్లాడు. సముద్రం మీంచి మబ్బు కమ్ముకొచ్చి మూడింటికే చీకటి పడింది. వాన. కరెంటు పోయింది. పక్కగదిలో సుహాసిని నిద్రపోతోంది. వెలుగు ఉంది కదా అని అట్ట పట్టుకుని దీపం మూలకే చేరాను. చివరి పేజీ. ఆరు గళ్లు, ఆరింటిలోనూ పిల్ల. ముందు పిల్లకే రంగులన్నీ వేసేశాను. బాగా కుదిరింది. నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను.

ఇక ఆకాశం. నీలం పూశాక కుంచె కడగబోయి చూశాను. నా మగ్గులో నీళ్లు తేటగా ఉన్నాయి. అత్త గ్లాసులో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లకి రంగులన్నీ ఆ నీళ్లతోనే వేశానన్నమాట.

ఆ నీళ్లు వాకిట్లో పారబోసి, "తప్పయిపోయింది అత్తా," అని లెంపలేసుకున్నాను. మళ్లీ నింపాలి. కానీ ఆకాశం తడి ఆరేలోపే మబ్బులు వెయ్యాలి, ఆగితే మరకలు కట్టేస్తుంది. రెండు నిమిషాలే కదా అని ఖాళీ గ్లాసు దీపం దగ్గర పెట్టేసి కూర్చున్నాను.

వాన చప్పుడులో ఇంకో చప్పుడు... జుర్... జుర్... సాసర్లో టీ జుర్రుతున్నట్టు. దగ్గర్లోనే. నా ఒళ్లో అట్ట మీంచే.

వంగి చూశాను. మొదటి గడిలో గోడ ఉంది. కోడి ఉంది. పిల్ల లేదు. పెన్సిలు గీత కూడా లేదు. తెల్ల కాయితం. చుట్టూ రంగు ఇంకా తడిగా ఉంది, పిల్ల ఉన్నచోట మాత్రం ఎండి గరుగ్గా తగిలింది.

"అమ్మా... నీళ్లు..."

చెంబుతో తీసుకెళ్లాను. సుహాసిని గటగటా తాగేసింది. పెదాలు పగిలి ఉన్నాయి. పొద్దున్న బాగానే ఉన్నాయి. "ఇంకా," అంది. ఇంకో చెంబు. "చాలట్లేదమ్మా..." గొంతు గరగరలాడింది.

జుర్... జుర్...

హాల్లోకి పరుగెత్తాను. రెండో గడి ఖాళీ. మూడోదీ. నాలుగోది నా కళ్లముందే... పాదాల నుంచి పైకి... ఐదోది కూడా.

లోపల సుహాసిని పిలవడం మానేసింది.

ఆరో గడిలో పాదాలు పోయాయి. నడుం పోయింది. మెడ దాకా వచ్చింది...

అప్పుడు గుర్తొచ్చింది ఖాళీ గ్లాసు. బిందె ఎత్తుకొచ్చి పొర్లిపోయేదాకా పోశాను. "తాగత్తా. ఎంత కావాలంటే అంత తాగు. ఇంక కొలవను. పిల్లని ఒగ్గెయ్ అత్తా... నీ మనవరాలే..." భోరుమని ఏడ్చేశాను.

చప్పుడు ఆగింది. గ్లాసులో నీళ్లు చుక్కైనా తగ్గలేదు. కాయితం మీద పన్ను ఊడిన మొహం ఒక్కటే మిగిలింది.

సుహాసిని తనే లేచి వచ్చింది. పెదాలు మామూలుగా ఉన్నాయి. గట్టిగా వాటేసుకున్నాను.

చీకటి పడ్డాక త్రినాథ్ వచ్చాడు. "ఏటే, అలగున్నావు?" అన్నాడు. ఏటీ లేదన్నాను. కరెంటు వచ్చింది. అన్నాలు తిన్నాం.

త్రినాథ్ చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లాడు. సుహాసిని ఆయన వెళ్లేదాకా ఆగింది. నీళ్ల గ్లాసు రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ చూసి, గుక్క తిప్పుకోకుండా తాగేసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"డాక్టరుకి సెప్పకే..."