ముక్కు కెమెరా ముందు కర్పూరం

కొండలరావు పేరు ఎత్తితే చాలు, ధనరాజు అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. సొంత బావమరిది. అక్క కాపురానికి వచ్చిన ఇంట్లోనే తిని, అక్కడే మీసం మొలిపించుకుని, చివరికి ఆ ఇంటికే ఎసరు పెట్టిన మనిషి. నీ ఫొటో స్టూడియోకి కొత్త మిషన్లు తెద్దాం బావా, బ్యాంకుకి స్థలం చూపిస్తే చాలు అన్నాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన ధనరాజు అప్పట్లో కాగితాలు చదివే మనిషి కాడు. అసలు కాగితమూ లేదు. అద్దం ముందు నిలబడి కన్ను చూపిస్తే సంతకం పడిపోయే కాలం వచ్చేసింది. చూపించాడు. స్థలం పోయింది, స్టూడియో పోయింది, వాటి వెనకే కొండలరావూ పోయాడు. మళ్లీ ఆ ముఖం కాకినాడలో కనబడలేదు.

ఇప్పుడు రెండు వేల ఎనభై ఒకటో సంవత్సరం. జగన్నాథపురంలో, సముద్రాన్ని ఆపడానికి కట్టిన పెద్దగోడ నీడలో, ధనరాజుది ఒక అద్దె కొట్టు. దసరా సెలవులు వస్తే దాని ముందు సంతలా ఉంటుంది. కుక్కల్ని, పిల్లుల్ని, చిలకల్ని, కుందేళ్లని చంకనేసుకుని కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. మామూలు ఫొటో కోసం కాదు. మామూలు ఫొటోలు కళ్లజోళ్లే రోజంతా తీసి పారేస్తున్నాయి, ఊరికే దొరికేదాని మొహం ఎవడు చూస్తాడు? వాళ్లు వచ్చేది ముక్కు కెమెరా కోసం.

కంపెనీ వాళ్లు దానికి ఘ్రాణఛాయా గ్రాహకం అని పేరు పెట్టారు. కొనేవాడి నోరు తిరగాలి కదా అన్న ఇంగితం చదువుకున్నవాళ్లకి ఉండదు. జనమే దానికి ముక్కు కెమెరా అని బారసాల చేశారు. పని మాత్రం గొప్పదే. కుక్క మనిషిని కంటితో కాదు, వాసనతో గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కో మనిషి వాసనకీ దాని మెదడులో ఒక్కో న్యూరాన్ల గుంపు మేలుకుంటుంది. ఆ గుంపుకి అంటుకునే ఆ మనిషి ముఖం, గొంతు, అడుగుల చప్పుడు దాగి ఉంటాయి. జంతువు తలకి మెత్తని పట్టీ కడితే, అందులోని సెన్సర్లు ఆ విద్యుత్తు అలల్ని పట్టుకుంటాయి. యంత్రం వాటిని వెలుతురుగా మార్చి గోడమీద బొమ్మ కడుతుంది. అంటే మనం జంతువుని ఫొటో తీయడం కాదు, జంతువు మనల్ని తీసిన ఫొటో అది. దానికి ఎవరు ఎంత ఇష్టమో వాళ్లు అంత వెలుగుతారు. ఇష్టం లేనివాళ్లు మసగ్గా, గోడకి చెమ్మ దిగినట్టు ఉంటారు.

తంటా అంతా అక్కడే వచ్చేది. చిలకలతో గొడవ లేదు, ఏ చిలకని కూర్చోబెట్టినా జామకాయే పడేది. పిల్లి బొమ్మలో కిటికీ, పాలగిన్నె, మహా అయితే ఒక చెయ్యి. కుక్కలే కొంపలు ముంచేవి. నిరుడు ఒక ప్రొఫెసరు గారి కుటుంబం వచ్చింది. బొమ్మలో ఆయన మసక, ఆయన భార్య మసక, వంటమనిషి మాత్రం దీపావళి మతాబులా ఉంది. ఆ వంటమనిషిని మర్నాడే మాన్పించేశారని తర్వాత తెలిసింది.

అందుకే కంపెనీ వాళ్లు యంత్రానికి సవరణ మీట పెట్టారు. నచ్చినవాళ్లని వెలిగించుకోవచ్చు, గిట్టనివాళ్లని తీసేసుకోవచ్చు. నూటికి తొంభై మంది దాన్నే నొక్కమనేవారు. ధనరాజు నొక్కుతూనే లోపల్లోపల నవ్వుకునేవాడు. కుక్క నిజం చెప్పినా తట్టుకోలేని వెధవలకి కుక్క ఎందుకు అనుకునేవాడు.

అంతమందికి తీసినవాడు తన కుక్కని మాత్రం ముక్కు కెమెరా కుర్చీ ఎక్కించలేదు. దాని పేరు కర్పూరం. తెల్లటి నాటుకుక్క. ఇప్పుడు చూపు పోయింది, వెనక కాళ్లు పడిపోయాయి. దీపావళి దాటదని డాక్టరమ్మ చెప్పేసింది.

పాత స్టూడియో రోజుల్లో ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆయుధపూజ నాడు కెమెరాని తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి ముందు పెట్టేస్తారు. ఆ రోజంతా దాన్ని ముట్టకూడదు. అలా పెట్టేముందు, స్టూడియో అరుగు మీద భార్య నాగమణిని, కూతురు హరితని, కర్పూరాన్ని కూర్చోబెట్టి ధనరాజు ఒకే ఒక్క ఫొటో తీసేవాడు. ఆ పొద్దుటి నీరెండ, తడి అరుగు, బూందీ వాసన, బంతిపూల దండ మెడలో వేస్తే దాన్ని తినబోయే కర్పూరం. ఆ ఫొటోలన్నీ ఇప్పటికీ ఉన్నాయి. కొండలరావు ఉన్నచోటల్లా ధనరాజు కత్తెర పెట్టి కోసేశాడు, అది వేరు. కానీ ఏ ఒక్కదాంట్లోనూ ధనరాజు లేడు. టైమరు పెట్టుకోవచ్చుగా అని నాగమణి అంటే, తీసేవాడు కూడా అందులో ఉంటే ఇక చూసేవాడెవడే అనేవాడు.

ఇప్పుడు ఆ అరుగు మీద తను కూడా ఉన్నట్టు ఈ లోకంలో సాక్ష్యం ఒక్కటే మిగిలింది, అది కర్పూరం తలలో ఉంది. ఇంకొన్నాళ్లలో అదీ పోతుంది. పట్టీ కట్టి చూద్దామంటే భయం. ఆ తలలో తనూ చెమ్మ మరకలా ఉంటే?

హరిత కాలేజీ సెలవులకి ఇంటికొచ్చింది. ఆయుధపూజ నాటి పొద్దున్న తనే కర్పూరాన్ని దుప్పటిలో ఎత్తుకొచ్చి కుర్చీలో పడుకోబెట్టింది.

"మిషన్‌కి బొట్టు పెట్టేముందు ఒకటి తియ్యాలి కదా నాన్నా. మన ఆనవాయితీ."

ధనరాజు కర్పూరం తలకి పట్టీ కట్టాడు. అది అతని మణికట్టు వాసన చూసి తోకని ఒకసారి కుర్చీకేసి కొట్టింది. లైటు తీసేశారు. గోడమీద మెల్లగా వెలుతురు పొంగింది.

అదే అరుగు. తడి ఆరని సిమెంటు. చెవిలో బంతిపువ్వు పెట్టుకున్న పడుచు నాగమణి. ముందు పన్ను ఊడిన హరిత. వాళ్లిద్దరి మధ్య, మెట్టు మీద కాళ్లు చాపి కూర్చుని, ఒళ్లో బూందీ పొట్లంతో, గోడంతా వెలిగేంత కాంతితో ఒక మనిషి.

"ఎవరు నాన్నా ఈయన? ఎక్కడో చూసినట్టుంది," అంది హరిత.

కొండలరావు.

నాగమణి తమ్ముడి ముఖం చూసి పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. ధనరాజు బొమ్మలో మూలమూలలా వెతికాడు. తలుపు పక్కన, గుమ్మం వెనక, కిటికీలో. తను లేడు. మసగ్గా కూడా లేడు.

"నేనేడీ?" అని యంత్రాన్ని అడిగాడు.

"ఉన్నారు ధనరాజు గారూ," అంది యంత్రం, రోజూ మాట్లాడే ఆ తీరుబడి గొంతుతో. "అన్నిటికంటే వెలుగుతున్నది మీరే."

"వాడు నేను కాదు."

"ముఖం మీది కాదు. వాసన మీది. ఈ కుక్క మెదడులో మీ వాసనకి మేలుకునే గుంపే అన్నిటికంటే పెద్దది. దానికి రెండు ముఖాలు అంటుకున్నాయి. ఒకటి ఇది. రెండోది నల్లగా, గుండ్రంగా, మధ్యలో గాజుతో ఉంది. అది ముఖమని నేను నిర్ధారించలేకపోయాను."

కెమెరా. పండగ పూట కర్పూరం చూసిన ధనరాజు ముఖం ఎప్పుడూ కెమెరాయే.

"నా వాసన వాడికెలా వచ్చింది?"

నాగమణి కళ్లు తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది. "మీ చొక్కా అండీ. ఇంటికొచ్చిన కొత్తలో ఇది మిమ్మల్ని వదిలి ఉండేది కాదు, కుయ్యోమని ఏడ్చేది. మీకేమో పని. విడిచిన చొక్కా తొడుక్కుని తిప్పరా కొండలూ, నేననుకుంటుంది అని మీరే ఇచ్చేవారు. రోజూ సాయంత్రం వాడు మీ చొక్కాతోనే దీన్ని సముద్రానికి తీసుకెళ్లేవాడు. మరిచిపోయారా?"

మరిచిపోలేదు. నీలం గళ్ల చొక్కా. బొమ్మలో ఆ మనిషి వేసుకున్నదీ అదే.

ధనరాజు గోడ దగ్గరికి నడిచాడు. కర్పూరం నిద్రలో నడుస్తున్నట్టు కాళ్లు కదిపింది. గోడమీద అరుగు చివర ఇసుక మెరిసింది, ఒక అల వచ్చి వెళ్లింది. గళ్ల చొక్కా మనిషి నవ్వుతూ కర్పూరానికి బూందీ అందిస్తున్నాడు. ఆ నవ్వు చూసి, ఇదే నవ్వుతో కదా సంతకానికి నన్ను అద్దం ముందు నిలబెట్టాడు అనుకున్నాడు ధనరాజు.

"వాణ్ని తీసెయ్," అన్నాడు.

"తీయవచ్చు," అంది యంత్రం. "కానీ కుక్కకి మీరిద్దరూ ఒక్కరే. ఆయన్ని తీస్తే మీరు కూడా పోతారు. ఇలాంటి అల ఈ వయసు మెదడులో మళ్లీ లేస్తుందని నేను చెప్పలేను."

"తియ్యమంటున్నాను."

"వాడికి అపశకునం కావాలని మన ముక్కు మనం కోసుకోవడమేనండీ ఇది," అంది నాగమణి. "ఉండనివ్వండి. వాడి కోసం కాదు, మీ కోసం."

హరిత తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని విడిపించుకుని, ఊళ్లోవాళ్లందరికీ నొక్కి నొక్కి అరిగిపోయిన సవరణ మీటని ధనరాజు తన వేలితో నొక్కాడు.

కొవ్వొత్తి ఊదినట్టు బొమ్మ మధ్య చీకటి పడింది. నాగమణి మిగిలింది, హరిత మిగిలింది, తడి అరుగు మిగిలింది. వాళ్లిద్దరి మధ్య ఖాళీ మెట్టు. కుర్చీలో కర్పూరం పట్టీ కట్టిన తలని ఎత్తి, గాలిలో దేనికోసమో వెతికి, మళ్లీ దించేసింది. యంత్రానికి కుంకుమ బొట్టు హరిత పెట్టింది.

కర్పూరం విజయదశమి వెళ్లాక పోయింది. ఆ బొమ్మకి అద్దం కట్టించి ధనరాజు కొట్టులో వేలాడదీశాడు. పెంపుడు జంతువుల్ని పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లు దాన్ని చూసి, మధ్యలో ఆ ఖాళీ ఏమిటండీ, అక్కడ ఎవరుండేవారు అని అడుగుతారు.

"మనుషులెవరూ లేరండి," అంటాడు ధనరాజు, యంత్రం మీద దుమ్ము తుడుస్తూ. "అక్కడ మా స్థలం ఉండేది. కొండలరావని నా బావమరిది, వాడు తినేశాడు. నాలుగున్నర సెంట్లు."