బొగ్గూ ఎండుమిరపకాయా

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయని మా ఆవిడ వెక్కిరిస్తూ ఉంటుంది. నాకు కాస్త పొట్ట ఉంది, గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం ఉంది, తిండి అంటే ప్రాణం. ఇలాంటివాడి కథలోకి దెయ్యం రావడమేమిటని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే మా అక్క నాగజ్యోతి ఫోన్ చేసింది. "ఒరేయ్ కాంతూ, కారు తీసుకుని రారా. సముద్రం వైపు వెళ్ళొద్దాం" అంది. అక్క తనంతట తాను ఫోన్ చేసి ఏడాది కావస్తోంది. మర్నాడు అఖిల సంవత్సరీకం. అఖిల అక్క కూతురు. బావ ఎప్పుడో పోయాడు, అక్కకి ఉన్నది అదొక్కతే. పటం ముందు దానికిష్టమైనవన్నీ పెట్టాలి, అవి కూడా ఎక్కడివక్కడే తేవాలి అని అక్క పట్టుబట్టింది. నేను కారు తీశాను.

ఆ దారి అఖిల కనిపెట్టిందే. ఏటా మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో, తాళ్ళకి కొత్త కల్లు దిగే రోజుల్లో, మమ్మల్ని పొద్దున్నే లేపి బయల్దేరదీసేది. దానికి తిండియాత్ర అని పేరు పెట్టింది. నేను డ్రైవరు, వాళ్ళమ్మ సంచులు మోసే మనిషి, అది వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చునే మహారాణి. "మావయ్యా, నీ పొట్టకి సీటు బెల్టు చాలుతుందా?" అని బయల్దేరేముందు తప్పకుండా అడిగేది.

పోయినేడు జనవరిలో కడుపునొప్పి అంటే దాన్ని ఆసుపత్రిలో చేర్చాం. పాంక్రియాస్ వాచిందన్నారు. నోట్లోకి మంచినీళ్ళు కూడా పోకూడదన్నారు. డాక్టర్లు చెప్పింది సరైనదే, అందులో ఎవరి తప్పూ లేదు. కానీ అంత తిండిపిచ్చి ఉన్న పిల్ల మంచం మీద పడుకుని "అమ్మా, ఆకలేస్తోంది. ఒక్క ముద్ద పెట్టవూ" అని అడుగుతుంటే, అక్క దూది తడిపి దాని పెదాలు తుడిచేది. తగ్గాక పెడతానమ్మా అనేది. తగ్గలేదు. అది ఆకలితోనే వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి అక్క పొయ్యి వెలిగించడమే మానేసింది. ఎవరన్నా మజ్జిగ ఇస్తే తాగుతుంది, లేకపోతే లేదు. మనిషి ఎండిపోతుంటే ఎదురుగా కూర్చుని చూడటం నా వల్ల అయ్యేది కాదు.

పొన్నూరులో ఇడ్లీ తిన్నాం. అంటే నేను తిన్నాను. కారప్పొడి మీద నెయ్యి పోయించుకుని అఖిల తినే పద్ధతిలో అక్క ఒక పొట్లం కట్టించి వెనక సీట్లో పెట్టింది. బాపట్ల దాటాక ఇసక నేలల్లో తాటితోపు వస్తుంది. అక్కడ దానయ్య కల్లు గీస్తాడు. మమ్మల్ని చూసి చెట్టెక్కే మోకు భుజాన వేసుకునే పరిగెత్తుకొచ్చాడు.

"రెండేళ్ళయిందండీ మీరు రాక. పాపగారేరి?"

నేను అక్క వైపు చూశాను. అక్క మామూలుగానే చెప్పింది. "వెనకాల వస్తోందయ్యా."

దానయ్య నమ్మాడు. దొప్పలో కల్లు పోసి నా చేతికిచ్చాడు. పొద్దుటి కల్లు, ఇంకా తియ్యగానే ఉంది. డ్రైవింగు ఉంది కాబట్టి వాసన చూసి తిరిగిచ్చేశాను, అదో పెద్ద త్యాగం. అక్క ఒక సీసా నింపించుకుంది. కారెక్కాక "ఎందుకలా చెప్పావక్కా?" అన్నాను. "పోయిందని చెప్పడానికి నోరు రాలేదురా" అంది. నేను కారు ముందుకి పోనిచ్చాను.

వేటపాలెంలో జీడిపప్పు పాకం కొన్నాం. అక్కడే ఖాదర్‌బీ ఇల్లు. ఆవిడ ఇంట్లోనే వండి, అడిగినవాళ్ళకి కట్టి ఇస్తుంది. పీతల ఇగురు, చేపల పులుసు పొయ్యి మీద నుంచి దింపేసరికి సాయంత్రమైంది. ఆవిడా అదే అడిగింది, అక్కా అదే చెప్పింది. వెనకాల వస్తోంది. ఖాదర్‌బీ అన్నం, కూరలు స్టీలు క్యారేజీలో సర్ది, పై గిన్నెలో ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ వేసి మూత పెట్టింది.

"నీసు తీసుకెళ్తన్నారు, పొద్దుగూకుతోంది. దారంతా పొలాలే కదమ్మా. ఇవి తియ్యమాకండి" అంది.

మా వైపు ఇది మామూలే. చీకటిపడే వేళ మాంసమో చేపలో దారిన పోతుంటే, ఆ వాసనకి ఆకలిగొన్నవి వెంటపడతాయంటారు. బొగ్గూ మిరపకాయా ఉంటే దగ్గరికి రావంటారు. మా అమ్మ కూడా వేసేది. నేను నవ్వేవాణ్ణి, అయినా వేయకుండా ఎప్పుడూ తీసుకెళ్ళలేదు.

తిరుగు దారి పర్చూరు, పెదనందిపాడు మీదుగా పట్టాను. పొద్దు వాలిపోయింది. చీరాల దాటిన కాసేపటికి అక్క క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. అద్దం దించింది. ఏదో బయటికి విసిరింది. తర్వాత ఇంకోటి.

"ఏంటక్కా పారేశావు?"

"బొగ్గు. మిరపక్కాయ."

"ఎందుకు?"

"అవుంటే అదెలా వస్తుందిరా?"

అంత మామూలుగా అంది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే అంది. పొద్దుటి నుంచి నేను కారు తిప్పుతున్నది పటం ముందు పెట్టడానికి కాదని అప్పుడర్థమైంది. వెనక్కి తిప్పి ఖాదర్‌బీ దగ్గరికి పోదామనుకున్నాను. కానీ అక్క మొహం చూస్తే, ఏడాదిగా లేని ఆశ ఏదో ఉంది అందులో. నా కాలు బ్రేకు మీదికి పోలేదు.

పర్చూరు దాటాక మనుషుల అలికిడి తగ్గింది. రెండు పక్కలా పత్తి చేలు. కాయలు ఏరేసిన మోళ్ళకి అక్కడక్కడా దూది పింజలు వేలాడుతున్నాయి. లైట్ల వెలుగులో తెల్లగా కనిపించి పోతున్నాయి. నల్లరేగడి మీద నుంచి చల్లటి గాలి. కారులో చేపల పులుసు వాసన, పీతల వాసన. ఆ వాసనల కింద ఇంకోటి మొదలైంది... వానకి తడిసిన పత్తి బస్తా వాసన. వాన పడి మూడు నెలలైంది.

టింగ్ టింగ్‌మని శబ్దం. చూస్తే డాష్‌బోర్డు మీద వెనక సీటు బెల్టు బొమ్మ ఎర్రగా వెలుగుతోంది. పొట్లాల బరువుకేమో అనుకున్నాను. కారాపి, వెనక తలుపు తీసి, కల్లు సీసా, పాకం డబ్బా, ఇడ్లీ పొట్లం అన్నీ కింద పెట్టాను. సీటు ఖాళీ. మళ్ళీ బయల్దేరాను.

టింగ్ టింగ్ టింగ్.

అక్క వెనక్కి తిరిగింది. ముందు సీట్ల మధ్య నుంచి వంగి, చెయ్యి చాచి, బెల్టు లాగింది. టక్కుమంది. శబ్దం ఆగింది. అక్క సర్దుకుని కూర్చుని, కళ్ళు తుడుచుకుంది.

నేను అద్దంలోకి చూడలేదు. చూస్తే ఏమవుతుందోనని కాదు. అఖిల ఉంటే చూడాలనే ఉంది. లేకపోతే...

పెదనందిపాడు దగ్గర పడుతుండగా కల్లాలు మొదలయ్యాయి. పగలు చూడాలి వాటిని, నేల మీద ఎర్రచీరలు ఆరేసినట్టుంటాయి. చీకట్లో రంగు లేదు, ఘాటొక్కటే. గొంతులోకి దిగింది. నాకది రోజూ పీల్చే గాలే.

వెనక ఎవరో దగ్గారు.

చిన్న దగ్గు. ఆపుకోబోయి ఆపుకోలేక దగ్గినట్టు. మళ్ళీ. ఊపిరాడక కొట్టుకుంటున్నట్టు... నా చేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

"అద్దాలెక్కించరా," అక్క గుసగుసగా అంది. "దానికి ఘాటు పడటం లేదు."

ఎక్కించాను. దగ్గు తగ్గింది. ఆ తర్వాత నాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే అఖిల కల్లాల్లో పెరిగిన పిల్ల. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మజ్జిగన్నం తినేది. మిరపకాయల కుప్ప మీద పడి దొర్లినా దానికి తుమ్ము కూడా వచ్చేది కాదు.

"అక్కా... అఖికి ఘాటు పడకపోవడమేంటి?"

అక్క ఒళ్ళో క్యారేజీని దగ్గరికి లాక్కుంది.

వెనక నుంచి ఒక మాట వచ్చింది. ఆడగొంతో మగగొంతో తెలీదు. ఎండిపోయిన గొంతు.

"ఆకలి..."

కారు రోడ్డు పక్కకి లాగి ఆపేశాను. ఒక్క దూకు దూకాను. కాలికి మిరపకాయలు తగిలాయి. ఎవరిదో కల్లం, ఒక మూల పట్టా ఎగిరిపోయింది. వంగి రెండు చేతులా మిరపకాయలు తీసుకున్నాను. వీటిని తీసుకెళ్ళి వెనక సీట్లో పోస్తే చాలు. అంతే. ఇంటికి పోవచ్చు. వెనక తలుపు లాగాను.

అక్క అప్పటికే వెనక సీట్లో ఉంది. క్యారేజీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. పైన వెలుగుతున్న చిన్న దీపంలో అక్క చెయ్యి కనిపిస్తోంది. అన్నంలో చేపల పులుసు కలుపుతోంది. ముల్లు ఏరి, ముద్ద చేసి, పక్కకి చాచింది. పక్కన సీటు బెల్టు పెట్టి ఉంది. బెల్టు లోపల ఏమీ లేదు. కానీ బెల్టు సీటుకి ఆని లేదు... ముందుకి ఉబికి ఉంది. మెల్లగా ఊపిరి పీల్చినట్టు కదులుతోంది.

అక్క వేళ్ళ మధ్య ముద్ద లేదు. మింగిన శబ్దం వినబడింది.

"అక్కా, బయటికి రా," అన్నాను. "ఇది మన అఖి కాదు."

"తెలుసురా."

"తెలిసి..."

"దగ్గినప్పుడే తెలిసింది. ఎవరి బిడ్డో. ఆకలంటోంది." ఇంకో ముద్ద కలుపుతోంది. "ఒకసారి లేదన్నాన్రా. ఇంక ఎవరికీ లేదనలేను. అవి పారెయ్."

ముద్ద పెడుతున్నప్పుడు అక్క మొహం చూశాను. అఖిల చిన్నప్పుడు వాకిట్లో తిప్పుతూ అన్నం పెట్టేదే, ఆ మొహం. అది నాకు మళ్ళీ కనబడుతుందని అనుకోలేదు. నాకు భయం తగ్గలేదు. కానీ ఆ చేతిని పట్టుకుని ఆపే ధైర్యం కూడా రాలేదు. మిరపకాయలు కింద వదిలేశాను. ఏడుపొచ్చింది. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను, బుద్ధి ఉన్నవాడెవడూ చెయ్యని పని. మంటకి కళ్ళు మూసుకుని రోడ్డు మీద కూలబడ్డాను. చీకట్లో చాలాసేపు అదే శబ్దం. పీత కాలు విరిచిన శబ్దం. పీల్చిన శబ్దం. "నెమ్మది, నెమ్మది," అని అక్క గొంతు.

గుంటూరు ఎలా వచ్చామో చెప్పలేను. గిన్నెలూ, ఇడ్లీ పొట్లం, పాకం డబ్బా, కల్లు సీసా అన్నీ ఖాళీ. మర్నాడు పటం ముందు పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఆ రోజు నుంచి అక్క మళ్ళీ వండుతోంది. తను కూడా తింటోంది, ఒళ్ళు చేసింది. చుట్టాలందరూ నన్ను మెచ్చుకున్నారు, తమ్ముడంటే అలా ఉండాలి, బయట తిప్పి మనిషిని చేశాడని.

మొన్న సాయంత్రం చూడటానికి వెళ్ళాను. వంటగది నిండా నీసు వాసన. పెద్ద గిన్నెడు అన్నం వార్చింది. హాల్లో చాప పరిచి వరసగా కంచాలు పెట్టింది. గోడ దాకా ఉన్నాయి.

"ఎవరొస్తున్నారక్కా?"

"ఎవరో ఒకరు వస్తూనే ఉన్నార్రా. ఒకరికి పెడితే ఇంకొకరికి తెలుస్తుంది కదా." వడ్డిస్తూనే ఉంది. నా వైపు చూడకుండా అంది. "అందరూ వస్తున్నార్రా, కాంతూ. అది మాత్రం రాలేదు."

నేను వరసగా ఉన్న కంచాల వైపు చూశాను. "మరి వీళ్ళందరికీ ఎందుకు పెడుతున్నావు?"

"నేను వీళ్ళకి పెడుతుంటే, అది ఎక్కడ తిరుగుతోందో అక్కడ దానికి ఎవరో ఒకరు పెట్టరా? ఎవరన్నా ఓ తల్లి పెట్టదా?"

అడిగింది నన్నే. పెడుతుందక్కా అన్నాను. నన్నూ కూర్చోమని, వరస చివర కంచం వేసి వడ్డించింది. తినకపోతే బాధపడుతుందని కూర్చున్నాను. ఒక ముద్ద తిన్నాను. రెండో ముద్ద కలుపుతూ చూస్తే, నా కంచంలో అవతలి అంచు నుంచి అన్నం తగ్గుతోంది.

అక్క పులుసు గరిటెతో మా దగ్గరికి వచ్చింది. నా పక్కన ఖాళీగా ఉన్న చోట వంగి, అక్కడేదో తల నిమిరినట్టు చెయ్యి ఆడించింది.

"నెమ్మదిగా తినమ్మా," అంది. "మావయ్య ఎక్కడికీ పోడు."