నీహారిక రాయని జవాబు

స్కూళ్ళకు స్ప్రింగ్ బ్రేక్ సెలవులు కావడంతో ఆ బుధవారం పొద్దున అమెరికా పడమటి తీరాన డబ్లిన్‌లోని ఆ ఇంట్లో ఎవరికీ తొందర లేదు. పదిహేనేళ్ళ హాసిని సోఫాలో అడ్డంగా పడుకుని ఫోన్ చూసుకుంటోంది. తండ్రి ఫణి పై గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాడు. నీహారిక పొయ్యి దగ్గర పెసరట్లు వేస్తోంది. అత్తగారు బాలమణి మూడు మైళ్ళ నడక ముగించుకుని వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ అంది.

"మంచి పని చేశావమ్మా నీహారికా."

"ఏ పని అత్తయ్యా?"

"అదే, కొరియా వెళ్ళనని రాసేశావటగా. ఫణి చెప్పాడు. నాలుగేళ్ళకోసారి వస్తాను, నేనుండగానే నువ్వు రెండు వారాలు లేకపోతే ఎట్లా అని వాడూ బెంగపడ్డాడులే."

నీహారిక చేతిలో అట్లకాడ ఆగిపోయింది. తను ఎవరికీ ఏమీ రాయలేదు.

ఆమె ఏడో తరగతికి చరిత్ర చెబుతుంది. పుస్తకంలో చైనాకు ముప్ఫై పేజీలు, జపాన్‌కు పాతిక, కొరియాకు అరపేజీ. ఆ రెండు దేశాల నడుమ వంతెనలాంటిది అని రాసి ఊరుకున్నారు. నిరుడు ఒక కొరియన్ పిల్ల చెయ్యెత్తి, "మిస్, వంతెన మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ ప్రశ్న పట్టుకునే ఆమె టీచర్ల స్టడీ టూర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టింది. జూలైలో రెండు వారాలు కొరియాలో తిప్పి, అక్కడి రాజభవనాలు, పాత సమాధుల దిబ్బలు, మ్యూజియాలు చూపిస్తారు. అక్కడి పండితుల చేత పాఠాలు చెప్పిస్తారు. దేశం మొత్తం మీద ఇరవైనాలుగు మందిని ఎంపిక చేస్తే అందులో ఆమె ఉంది. ఈ శుక్రవారం లోగా ఒప్పుకుంటున్నానని జవాబివ్వాలి. ఎంపికైనట్టు పోయిన శుక్రవారమే తెలిసినా, ఆ జవాబు ఇంకా ఇవ్వలేదు.

అట్టు మాడుతున్న వాసన వేసింది. పొయ్యి కట్టేసి లాప్‌టాప్ తెరిచింది. పంపిన మెయిళ్ళలో అది ఉంది. సోమవారం మధ్యాహ్నం, తను లైబ్రరీలో ఉన్న సమయంలో వెళ్ళింది.

ఈ గౌరవానికి తానెంతో కృతజ్ఞురాలినని, అత్తగారి అనారోగ్యం కారణంగా ఇల్లు వదిలి రాలేకపోతున్నానని, తన స్థానంలో మరొకరికి అవకాశం ఇవ్వమని, కింద నీహారిక అని. ఒక్క తప్పు లేదు. మాటల్లో వినయం ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. తను రాసినా అచ్చం అలాగే రాసేది. ఇంట్లో దొంగ పడితే ఏం పోయిందో చూసుకోవచ్చు. ఈ దొంగ తన గొంతు పెట్టుకుని, ఎక్కడా చెదరకుండా మాట్లాడి వెళ్ళిపోయాడు.

పద్ధెనిమిదేళ్ళ కింద ఆమె డిపెండెంట్ వీసా మీద ఈ దేశంలో దిగినప్పుడు ఫణి ఆమెకు ఈమెయిల్ తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్ అతనే పెట్టాడు; ఇప్పటికీ అదే. వీసా పొడిగింపు, గ్రీన్‌కార్డు, చివరికి టీచర్ లైసెన్సు కాగితాలు కూడా అతనే నింపి, సంతకం పెట్టాల్సిన చోట పసుపు బాణం స్టిక్కర్ అంటించి తెచ్చేవాడు. ఆమె పప్పు కలుపుతూ మరో చేత్తో సంతకం పెట్టేది. దాన్ని ప్రేమ అనుకుంది. ప్రేమ కాదని ఇప్పుడూ అనలేకపోయింది. కోపం అందువల్ల ఇంకా పెరిగింది.

మీటింగ్ అయి ఫణి కాఫీ కప్పుతో కిందికి దిగాడు. ఆమె లాప్‌టాప్ అతని వైపు తిప్పింది.

"ఏమిటిది?"

అతను చూసి, కప్పు కింద పెట్టాడు. "చెబుదామనే అనుకుంటున్నా. నువ్వు చదువుకున్నదానివి, అర్థం చేసుకుంటావని..."

"నా పేరు నువ్వు ఎట్లా పెట్టావు?"

అత్తగారి ముందు భర్తను మీరనే పిలుస్తుంది నీహారిక. బాలమణి తలెత్తి చూసింది. నీహారిక సర్దుకోలేదు.

"అరవకు. నీ ఫామ్స్ అన్నీ ఎప్పుడూ నేనేగా ఫిల్ చేసేది? ఇదీ అలాంటిదే."

"ఆ ఫామ్స్‌లో నేను అవునన్నవి నింపావు. ఇందులో నేను అననిది రాశావు."

"డాడీ, సీరియస్‌లీ, అది ఐడెంటిటీ థెఫ్ట్," అంది హాసిని సోఫాలోంచి.

"నువ్వు నోర్మూసుకో. అయినా నీహా, కొరియా వెళ్ళి చేసేదేముంది చెప్పు? ఆ సీరియల్స్ ఏవో ఇక్కడే కూర్చుని చూసుకోవచ్చుగా!"

"నీ క్లౌడ్ కాన్ఫరెన్స్ కూడా ఇక్కడే కూర్చుని చూడొచ్చు. నిరుడు వారం రోజులు లాస్ వేగస్ వెళ్ళావు. ఎవర్ని అడిగావు?"

"అది జాబ్!"

"నాది?"

ఆ మాట వదిలేసి ఫణి నెమ్మదిగా అన్నది ఆమెకు సూటిగా తగిలింది.

"శుక్రవారం వచ్చింది సెలెక్షన్ మెయిల్. సోమవారం దాకా నువ్వు రిప్లై ఇవ్వలేదు. అంత ఇష్టమైతే ఆ నిమిషమే ఇచ్చేదానివి కదా. కాదని చెప్పలేక నలుగుతున్నావేమో, ఆ బరువు నేను దించుతానని అనుకున్నా. నిజంగానే అలా అనుకున్నా."

నీహారిక కుర్చీలో కూర్చుంది. నిజమే. రోజుకు నాలుగుసార్లు ఆ మెయిల్ తెరిచింది, మూసింది. మంచి సమయం చూసి చెబుదామనుకుంది. ఏ సమయం కోసం? అందరూ భోంచేసి, ఫణి నవ్వుతూ ఉండి, అత్తగారికి మోకాళ్ళ నొప్పి లేని ఒక ఘడియ కోసం. అనుమతి కోసం ఎదురుచూస్తున్నానని తనకు తానైనా చెప్పుకోలేదు. అడ్డుపడేవాడికి తన మౌనమే దారి ఇచ్చింది. వంతెన మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదా మిస్?

"నాకు భయమేసింది," అంది. కళ్ళలో నీళ్ళు నిండాయి. "నా భయం నాది. దాని మీద సంతకం పెట్టే హక్కు నీకు లేదు."

అప్పటిదాకా పెసరట్టు ముక్క తుంచుతూ కూర్చున్న బాలమణి లేచింది.

"ఒసే హాసినీ, ఆ రాసిందేమిటో నాకు తెలుగులో చెప్పు."

హాసిని తన అమెరికా యాసలో చెప్పింది. "నాన్నమ్మకి సిక్ అంట. అందుకే అమ్మ ట్రిప్‌కి రాదు, అంట."

"ఎవరికి?" బాలమణి కళ్ళు పెద్దవయ్యాయి. "నాకు జబ్బని రాశావురా?"

"అది ఊరికే, మర్యాదగా ఒక కారణం..."

"మర్యాదట! తథాస్తు దేవతలు తిరుగుతుంటారని చిన్నప్పుడు నీకు వెయ్యిసార్లు చెప్పాను. బతికున్న తల్లిని మంచాన పడేసి దేశాలకు ఉత్తరం రాస్తావా? పొద్దునే మూడు మైళ్ళు నడిచొచ్చిన మనిషిని! ఏ జబ్బురా? పేరైనా పెట్టావా, వాళ్ళకే వదిలేశావా?"

"అమ్మా..."

"దీన్ని అడగలేదు సరే. నన్నడిగావా? నాకోసం ఆగమని నేనన్నానా? దీని పేరు, నా రోగం, రాత నీది! ఇక్కడ ఆర్నెల్లుంటాను. రెండు వారాలు నీ చేతి వంట తిననా? అదీ నేర్పలేకపోయానా నీకు?" ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నేనూ ఒకటనుకున్నానే. నువ్వే మానుకున్నావని తెలిసి సంతోషించాను. ఎందుకు మానుకున్నావని అడగలేదు. ఆ తప్పు నాది." మళ్ళీ కొడుకుతో, "ఫోన్ చెయ్యి. ఆ జబ్బు వెనక్కి తీసుకో. ఇప్పుడే."

ఫెలోషిప్ ఆఫీసు ఉన్న న్యూయార్క్‌లో అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఫణి స్పీకర్ మీద పెట్టి ఫోన్ చేశాడు. అవతల ఒక పెద్దావిడ గొంతు. నీహారిక పేరు చెప్పగానే, ఆమె అత్తగారికి ఇప్పుడెలా ఉందని ఆదరంగా అడిగింది. హాసిని అది నాన్నమ్మకు తెలుగులో చెప్పింది.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నానని చెప్పు," అంది బాలమణి పక్కనుంచి.

ఫణి చెవులు ఎర్రబడ్డాయి. పద్ధెనిమిదేళ్ళలో భర్త ముఖంలో నీహారిక ఎన్నడూ చూడని సిగ్గు అది. ఆ మెయిల్ రాసింది తనని, భార్యను అడగలేదని, తల్లికి ఏ జబ్బూ లేదని అతను ఇంగ్లిష్‌లో ఒక్కొక్క మాటే చెప్పాడు. తరువాత ఆ గొంతు, ఆదరం తగ్గించుకుని, నీహారిక గారి మాట ఆమె నోటే వినాలి అంది.

నీహారిక ఫోన్ అందుకుంది. "నేను వస్తున్నాను," అంది. ఇంకేమీ వివరించలేదు.

వెయిటింగ్ లిస్టులో ఉన్న టీచరుకు ఈ మధ్యాహ్నం ఫోన్ చేయబోతున్నామని, ఇంకా చేయలేదని, ఈ రోజే ఫామ్ నింపి పంపమని ఆవిడ చెప్పింది. ఫోన్ పెట్టేశాక నీహారిక మొదట కొత్త ఈమెయిల్ తెరుచుకుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే ఫణి తనంతట తానే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఫామ్ వచ్చింది. అలవాటుగా అతని చెయ్యి ముందుకొచ్చింది. "ఇటివ్వు, నేను..." అని, మధ్యలోనే ఆగి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నా పాస్‌పోర్ట్ ఎక్కడుంది?" అడిగింది ఆమె.

అతను పైకెళ్ళి ఫైలు తెచ్చి మొత్తం ఆమె ముందు పెట్టాడు. పాస్‌పోర్ట్ అట్ట మీద పాత పసుపు బాణం ఒకటి ఇంకా అంటుకుని ఉంది. నీహారిక దాన్ని గోటితో ఊడదీసి, కాసేపు వేలి మీద పెట్టుకుని చూసింది. అవతల పారెయ్యలేదు. ఫైల్లోనే ఒక మూల అంటించి, పాస్‌పోర్ట్ మాత్రం తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

"సారీ నీహా," అన్నాడు ఫణి. "నిన్ను పోగొట్టుకుంటానేమో అన్నట్టు... ఏమో, నాకే తెలీదు."

ఆమె ఫామ్ వైపు తిరిగింది. కోపం ఇంకా ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది కూడా. ఫామ్ చివర, ఆపద వస్తే ఎవరికి తెలియజేయాలి అని ఉంది. కళ్ళు తుడుచుకుని అతని పేరు టైప్ చేసింది.

"నీ నంబర్ చెప్పు."

"నీకు తెలుసుగా?"

"తెలుసు. అడిగి రాస్తున్నాను."

ఫణి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్క అంకె చెప్పాడు. పొయ్యి దగ్గర బాలమణి మాడిన అట్టు గీకి పారేసి, కొత్త అట్టు వేసింది.