పాత రంపంలో బందీ

అసురసంధ్య వేళ...

ఆకాశం కాటుక కరిగించి పోసినట్టు నల్లబడింది. దిగంతాలు దద్దరిల్లేలా ఉరిమిన ఉరుముకు రేకుల షెడ్డు గజగజ వణికింది. మూతబడ్డ కోతమిల్లు పొగగొట్టం మీద కూర్చున్న గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది!

ఆ షెడ్డులో మాత్రం ఒక మనిషి పట్టరాని సంతోషంతో ఉన్నాడు. పాత చైన్ రంపాలు కొని, బాగుచేసి అమ్ముకునే అతన్ని అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. అతని ఎదుట బల్ల మీద ఇప్పుడొక బరువైన పాతకాలపు రంపం తళతళలాడుతోంది. కోతమిల్లు వెనక ఒంటరిగా బతికే ముసలివాడి దగ్గర కొన్నాడు దాన్ని. ఎప్పుడు చూసినా చేతులకు బూడిద అంటుకుని ఉండే ఆ ముసలివాణ్ని జనం బూడిదయ్య అనేవారు. బేరం ఆడబోతే వాడు వికృతంగా నవ్వాడు.

"నీకు తోచింది ఇవ్వు. దానికి ప్రాణం పొయ్యి... అదే చాలు నాకు."

ఆ మాటలోని మర్మం మేస్త్రీకి తట్టలేదు!

తుప్పుతో బిగుసుకుపోయిన పిస్టన్‌ని నూనెలో నానబెట్టి ఊడదీశాడు. రింగులు మార్చాడు. కొత్త కార్బురేటర్, పాతదానికంటే పొడుగాటి, చైన్ తిరిగే బార్, పదునైన చైన్ బిగించాడు. ఇంజను అడుగున ఉండే క్రాంక్ పెట్టె ఒక్కటే విప్పలేదు. లోపలి బేరింగులు చేత్తో తిప్పితే సాఫీగానే తిరిగాయి మరి. టీ ఇవ్వడానికి వచ్చిన భార్య అతని వాలకం చూసి పకపకా నవ్వింది.

"నన్నేనాడైనా ఇంత ముద్దుగా తుడిచారా? సవతిని తెచ్చి నా నెత్తిన పెట్టారు కదండీ!"

"చూస్తూ ఉండు, నీ సవతి ఎలా పాడుతుందో!" అన్నాడతను.

ఆమె వంటింటికి వెళ్లింది. అతను ఇంజను స్టార్ట్ చేసే తాడు లాగాడు. మళ్లీ లాగాడు. రంపం భీకరంగా గర్జించింది! ఆ మరుక్షణమే... వంటింట్లోంచి గుండెలు అవిసే కేక!

పరుగున వెళ్లేసరికి ఆమె నేల మీద విల్లులా వంగిపోయి ఉంది. కళ్లలో నల్లగుడ్డు లేదు. పళ్లు పటపట కొరుకుతున్న ఆ నోట్లోంచి... ఇంజను రొద! దాని వెనకే ఎవరో మగవాడి గొంతు!

"విప్పు... విప్పు!"

డాక్టరు పొడిచిన సూదిమందుకు ఆమె రెప్పయినా వాలలేదు. తల గోడకేసి బాదుకుంటుంటే గుండె రాయి చేసుకుని మంచానికి తాళ్లతో కట్టాడు. "విప్పు" అని అరిచినప్పుడల్లా ఏడుస్తూ విప్పేవాడు. విప్పగానే ఆమె షెడ్డులోకి పోయి, ఆ రంపం మీద పడి దాని అడుగు భాగాన్ని గోళ్లతో రక్కేది. గోళ్లు ఊడి నెత్తురు కారుతున్నా ఆగేది కాదు. చివరికి మంచాన్నే షెడ్డులోకి చేర్చి, మళ్లీ కట్టేశాడు.

పెట్రోలు పారబోశాడు. స్పార్క్ ప్లగ్ పీకేశాడు. చైన్ ఊడదీసి బల్ల మీద పడేశాడు. అయినా... ఆమె ఊపిరి తీసినప్పుడల్లా ఆ ఖాళీ ఇంజను గురకపెడుతూనే ఉంది! పిచ్చెత్తి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. మంచం మీద భార్య కెవ్వుమంది. ఆమె పక్కటెముకల మీద సుత్తి మొహమంత కమిలిన మచ్చ! సుత్తి అతని చేతిలోంచి జారిపోయింది.

ఆమె కట్టెలా ఎండిపోసాగింది. ఇక ఆమె దక్కదని అతనికి తెలిసిపోయిన సాయంత్రం... ఈదురుగాలికి తలుపు భళ్లున తెరుచుకుంది. గుమ్మంలో బూడిదయ్య! వాడి ఎడమ చేతిలో ఒక కపాలం!

"బాగా ప్రాణం పోశావురా మేస్త్రీ! నేను బంధించిన ప్రేతం నీ పెళ్లాం ఒంట్లో కాపురం పెట్టింది. ఇక నేను మంత్రం చదువుతుంటే నువ్వొక్కసారి ఆ రంపం తాడు లాగాలి. అది నా బానిసవుతుంది. నేను చూపించినవాడి గొంతు కొరుకుతుంది!"

"లాగకపోతే?"

"చీకటి పడేలోగా నీ పెళ్లాం శవమవుతుంది."

మేస్త్రీ వాడి కాళ్ల మీద పడ్డాడు. "నన్ను తీసుకోండయ్యా! నా ఒళ్లు తీసుకోండి! దాన్ని వదిలెయ్యండి... మీకు దణ్ణం పెడతాను!"

ముసలివాడు కాలితో తన్నాడు. మేస్త్రీ లేచి తాడు అందుకున్నాడు. ఏమైతేనేం... బతికైనా ఉంటుంది కదా! మంత్రం మొదలైంది. షెడ్డంతా శవం కాలుతున్న వాసన...

అప్పుడు మంచం మీంచి ఆ మగగొంతు దీనంగా మూలిగింది.

"అన్నా... నన్నెందుకు చంపావన్నా?"

మంత్రం తెగిపోయింది. బూడిదయ్య మొహం పాలిపోయింది. "నోర్ముయ్ రా తమ్ముడూ!" అని గావుకేక పెట్టాడు.

తమ్ముడు! మేస్త్రీ మంచం వైపు చూశాడు. ఆ గొంతు ఇప్పుడు అతనివైపు తిరిగింది.

"మేస్త్రీ... తాళ్లు కాదయ్యా... నన్ను విప్పు!"

అప్పుడర్థమైంది అతనికి! ఇన్నాళ్లూ ఆమె రక్కింది దేన్ని? తాను విప్పకుండా వదిలేసింది దేన్ని? తాడు వదిలి స్పానర్ అందుకున్నాడు.

మొదటి బోల్టు కదలగానే రంపం దానంతటదే గర్జించింది! ఇనుము నిప్పుకణికైంది. అరచేతులు బొబ్బలెక్కి తోలు ఊడుతున్నా అతను విడిచిపెట్టలేదు. తన రంపాల్ని ఎంత నెమ్మదిగా విప్పుతాడో అంత నెమ్మదిగా... ఆమెకు దెబ్బ తగలకుండా... ఒక్కో బోల్టూ! బూడిదయ్య మీదకు దూకబోయాడు. కట్టేసిన మంచంతో సహా ఆమె సర్రున జారి అడ్డుపడింది!

క్రాంక్ పెట్టె రెండుగా విచ్చుకుంది. లోపల మసిలో... మనిషి వెంట్రుకలు చుట్టి, నల్లదారంతో ముడివేసిన ఒక పన్ను! వేళ్లు పనిచేయక ఆ ముడిని పళ్లతోనే కొరికి తెంపాడు.

నింగీ నేలా ఏకమయ్యేలా పిడుగు పడింది!

బూడిదయ్య చేతిలోని కపాలం దవడ టక్కున మూసుకుని వాడి మణికట్టును కరిచిపట్టింది. "తమ్ముడూ! వద్దురా! తప్పయిందిరా!" బల్ల మీద విడిగా పడున్న చైన్ నల్లత్రాచులా లేచింది. వాడి మెడను చుట్టింది. తిరిగింది! రక్తం రాలేదు... పొట్టు! ఎండుకట్టెను కోసినట్టు పొట్టు ఎగజిమ్మింది! వాడి ఆర్తనాదం సన్నబడి, సన్నబడి ఆగేసరికి, గుమ్మంలో పిడికెడు బూడిద కలిసిన పొట్టుకుప్ప మాత్రం మిగిలింది. గాలి దాన్ని కూడా ఊడ్చుకుపోయింది.

"ఏమండీ..."

అది ఆమె గొంతే! మేస్త్రీ కాలిన చేతులతోనే తాళ్లు విప్పి, ఆమె తలను గుండెలకు హత్తుకుని భోరున ఏడ్చాడు.  ఆమె నేల మీద పడున్న కపాలాన్ని చూసి మెల్లగా చేయి చాచింది.

"దాన్ని ముట్టుకోకు!"

"భయపడకండి. అతనికి నన్ను చంపాలని లేదండీ."

ఆమె ఆ పన్నును కపాలం పక్కన చేర్చి, తన పైట చెంగుతో రెండింటి మసీ తుడిచింది. సొంత తోబుట్టువును సాగనంపుతున్నట్టు ఆమె చెంపల మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి.

"భయమేసి కేకలు పెట్టాడు, అంతే. లోపల చాలా చీకటిగా ఉండేదట."