హౌసాబాయి గొంతుతాళం

ఆదివారం పొద్దున్నే ముంబయిలోని వర్సోవా జాలరిపేట, కోలీవాడాలో హౌసాబాయి ఫోనుతో పోట్లాటకు దిగింది. గుమ్మం ముందు పీట వేసుకుని, ఫోను నోటికి ఆనించి, "నా ఇంటికి నా గొంతే తాళం" అని రెండోసారి గట్టిగా అంది. పక్కింటి పిల్లి లేచి వెళ్లిపోయింది గానీ ఫోనులో డబ్బుకు వేసిన తాళం తెరుచుకోలేదు. మీ గొంతు సరిపోలలేదు, ఇంకొక్క ప్రయత్నమే మిగిలి ఉంది అని ఫోను మహా మర్యాదగా చెప్పింది.

"నా గొంతు నాది కాదనడానికి ఇదెవరు?" అని మొగుడి వైపు తిరిగింది.

పోశా తలెత్తలేదు. అతని ముందు ఎలుకలు కొట్టిన వల కుప్పగా పడి ఉంది. వానాకాలం పడవ ఒడ్డున ఉన్నన్నాళ్లూ ఎలుకలు తమ పని తాము చేసుకున్నాయి. గురువారం నారళీ పున్నమి. సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి ఊళ్లో పడవలన్నీ కదులుతాయి. కొత్త వల రాకపోతే వీళ్ల పడవ కదలదు. ఒప్పుకున్న కళాసీలు ఇంకో పడవ ఎక్కేస్తారు, ఈ ఏడాదికి మళ్లీ దొరకరు. సరిపడే వల ఆన్‌లైన్ దుకాణంలో ఒక్కటే మిగిలింది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండులోపు డబ్బు కట్టకపోతే అది వేరేవాళ్లకు పోతుంది.

సెలవురోజు కాబట్టి బ్యాంకుకు పోయే దారీ లేదు. కోలీల ఇళ్లలో డబ్బు ఆడవాళ్ల చేతిలో ఉంటుంది, పోశా జేబులో బీడీకట్ట తప్ప ఇంకేం దొరకదు. రెండేళ్ల కిందట ఎవడో ఫోను చేసి తియ్యగా అడిగితే హౌసాబాయి ఓటీపీ చెప్పేసింది. అప్పటి నుంచి ఏ పెద్ద వస్తువు కొన్నా ఆమె గొంతు విన్నాకే డబ్బు కదిలేలా కూతురు ప్రణాళి ఏర్పాటు చేసింది. మూడుసార్లు తప్పితే మాత్రం వారం రోజులు ఆ ఖాతా మూతపడుతుంది.

"ఇది దాని పనే" అంది హౌసాబాయి. "నా గొంతు తీసేసి దాని గొంతు పెట్టుకుంది. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుందిగా, ఇక పెత్తనం కావాలి."

తల్లీకూతుళ్లకు మాటల్లేక పదకొండు రోజులు. మలాడ్‌లో చల్లని ఆఫీసులో కూర్చునే పిల్ల, ఒకరోజు ఇంటికొచ్చి రాజీనామా ఇచ్చేశాననీ, ఇకమీద చేపల బుట్టతో మార్కెట్‌కు వస్తాననీ చెప్పింది. ఆ పూట నుంచి హౌసాబాయి కూతురికి తన చేత్తో అన్నం వడ్డించలేదు. ముప్ఫై ఏళ్లు చేపలమ్ముతూ తను అరిచింది కూతురు అరవకుండా బతకాలని. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"ఏయ్, ఇటు రా. ఏం చేశావ్ దీన్ని?"

ప్రణాళి బియ్యప్పిండి చేతులతోనే వంటింట్లోంచి బయటికొచ్చింది. "నేనేం చెయ్యలేదు ఆయీ."

"మరి నన్ను నేను కాదంటుందేం?"

"నీ గొంతు మారింది. అదే చెప్తోంది."

"నేర్చావే. మొన్న ఉద్యోగం పోగొట్టుకున్నావ్, ఇవాళ నా డబ్బుసంచీ మీద పడ్డావ్."

"సంచీ కావాలంటే దొంగతనంగా తీసుకోవాలా నేను? బుట్ట ఇమ్మని నీ ఎదురుగా నిలబడి అడిగాను. ఇచ్చావా?"

"బుట్టా? పదిహేనేళ్లు చదివించి నీ నెత్తిన బుట్ట పెట్టాలా? నిన్ను..." మాట సగంలోనే గాలైపోయింది. నోరు కదులుతోంది, చప్పుడు రావడం లేదు. దగ్గు తెర ఆమెను ముందుకు వంచేసింది. పోశా అప్పుడు తలెత్తాడు.

ప్రణాళి ఒక్క పరుగున నీళ్లు తెచ్చింది. తాగేదాకా ఆగి, గోడగడియారం చూసింది.

"పదయింది. పదకొండూ ముప్పావు దాకా నోరు తెరవకు. ఆవిరి పట్టు, వేణ్ణీళ్లు తాగుతూ ఉండు. అప్పుడు ఆఖరిసారి అందువుగాని. అరవకుండా, మామూలుగా."

"రెండు గంటలు నేను..."

"మళ్లీ మాట్లాడావ్. ఒక్క మాట కూడా వద్దు. పడవ కదలాలా, అక్కర్లేదా?"

హౌసాబాయి నోరు మూసుకుంది.

"ఆ యాప్‌వాళ్లెవరో గానీ వాళ్లకు నా దండాలు చెప్పు" అన్నాడు పోశా. భార్య చూసిన చూపుకు మళ్లీ వలలో తలదూర్చేశాడు.

మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో హౌసాబాయికి ఆ రోజే తెలిసింది. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఎండబెట్టిన బొంబిల్ చేపల మీద కాకి వాలితే తోలడానికి నోరు తెరవబోయి, గుర్తొచ్చి చప్పట్లు కొట్టింది. గడియారం చూసినప్పుడల్లా ముల్లు అక్కడే ఉన్నట్టుండేది. మూడో ప్రయత్నం కూడా పోతే కళాసీల ముఖం ఎలా చూడాలో ఆమెకు అర్థం కాలేదు.

పదకొండు దాటాక ఎదురింటి సుగంధ వచ్చింది. మార్కెట్‌లో హౌసాబాయి పక్క గంపే ఆమెది.

"ఏంటి హౌసా, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది? కూతుర్ని ఆఫీసువాళ్లే తీసేశారటగా, ఆ దిగులా?"

హౌసాబాయి పీట మీంచి లేవబోయింది. పోశా గడియారం వైపు వేలు చూపించాడు. ఆమె పళ్లు బిగించి కూర్చుంది.

"ఎవరూ తియ్యలేదు మావ్‌శీ. నేనే మానేశా" అంది ప్రణాళి.

"ఏమ్మా, చల్లగాలి పడలేదా?"

"మా ఆయీ గొంతు పోతోంది."

సుగంధ నవ్వు ఆపేసింది. ప్రణాళి ఆమెకు చెబుతున్నట్టే చెప్పింది గానీ చూపు మాత్రం తల్లి మీదే ఉంది.

"ఆయీ తాళం తెరిచినప్పుడల్లా నా ఫోనుకు మెసేజ్ వస్తుంది. మొదట్లో ఒక్కసారికే తెరుచుకునేది. హోలీ నుంచి రెండోసారికి గానీ తెరుచుకోవడం లేదు. గొంతులో మార్పుంది చూసుకోండి అని నాలుగుసార్లు వచ్చింది. ఆయీ నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ పట్టుకెళ్లి డాక్టరుకు వినిపించా. గొంతులో కాయలు కట్టి ఉంటాయి, వెంటనే తీసుకురా, ఇలాగే అరిస్తే ఏడాదిలో మాటే ఉండదు అన్నాడు."

"మరి చెప్పలేకపోయావా?"

"చెప్తే వినే మనిషా? రేవులో వేలం జరుగుతుంటే ఊరుకోగలదా? పక్కన నిలబడి ఇంకొకరు అరిస్తేనే ఆ నోరు మూతపడుతుంది. అరవడానికి నేను కాక ఎవరున్నారు మావ్‌శీ ఈ ఇంట్లో?"

సుగంధ చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నోరు మెదిపే వీలుంటే ఈ మాటలు హౌసాబాయి సగంలోనే తుంచేసి ఉండేది. పదకొండు రోజులూ తన ముందు తలవంచుకుని, తన కంచంలో తనే పెట్టుకుని తిన్న పిల్ల కళ్లముందు కదిలింది. ఎంతెంత మాటలు అంది తను, సిగ్గు లేదని, బతకడం చేతకాదని. వాటిలో ఒక్కటైనా ఇప్పుడు వెనక్కి తీసుకుందామంటే నోరు విప్పకూడదు. కళ్లు నిండిపోయాయి.

ప్రణాళి గబగబా వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "ఏడవకు ఆయీ. గొంతు పూడుకుపోతుంది. పావుగంట ఓర్చుకో, అంతే. తర్వాత ఎంత ఏడుస్తావో ఏడువు."

ఆ పావుగంటా హౌసాబాయి ఏడుపును గుక్కగుక్కా మింగింది. పదకొండూ ముప్పావుకు ప్రణాళి ఫోను ముందు పెట్టింది. హౌసాబాయి కూతురి చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, "నా ఇంటికి నా గొంతే తాళం" అంది. మెల్లగా, జ్వరంలో ఉన్న పిల్లతో మాట్లాడినట్టు అంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పోశా వల వదిలేసి చేతులు జోడించాడు.

"తెరుచుకుంది" అంది ప్రణాళి. "వల మనదే."

అప్పుడు హౌసాబాయి ఏడ్చింది. కూతురి తల పొట్టకు అదుముకుని, దాచుకున్నదంతా ఏడ్చింది. పోశా ముక్కు చీదుకుంటూ బయటికెళ్లాడు. సుగంధ చెప్పకుండానే వెళ్లిపోయింది.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "నీ గొంతు కూడా దీంట్లో పెట్టు" అంది హౌసాబాయి.

"తర్వాత చూద్దాంలే ఆయీ."

"ఇప్పుడే పెట్టు. రేపు డాక్టరు దగ్గరకు కూడా వస్తాను, పద."

ప్రణాళి తల ఊపింది. హౌసాబాయి వంటింట్లోకి వెళ్లి, భాకరీ రొట్టె, రొయ్యల కూర కంచంలో వడ్డించి తెచ్చి కూతురి ముందు పెట్టింది. ఒక ముద్ద తిననిచ్చి, తర్వాత అడిగింది.

"మన పడవ తిరిగొచ్చిన రోజు రేవులో వందమంది ఉంటారు. మెల్లగా మాట్లాడేవాళ్ల చేపల వైపు ఒక్కడూ చూడడు. ఏదీ, ఒకసారి అరిచి చూపించు, వింటాను."

"ఇక్కడా? ఇప్పుడా?"

"ఇక్కడే."

ప్రణాళి ఎంగిలి చేత్తోనే లేచి, గుమ్మంలో నిలబడి, సందు వైపు తిరిగి, తాజా చందువలు రండి రండి అని కేకేసింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"చాలదు" అంది హౌసాబాయి గుసగుసగా. "ఇంకొంచెం గట్టిగా."